తక్కినదంతా పై ప్రకారం

కల్జే బజారులో ఎవరికి సన్మానం జరిగినా మైకు ముందు నిలబడేవాడు ప్యో సంగ్‌దల్. ఆరేళ్లుగా ఇదే ఆనవాయితీ. అరవై ఆరేళ్లు వచ్చినా గొంతు మాత్రం ముప్పయ్యేళ్లవాడిది. పైపళ్లు కట్టుడువని దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. సన్మానం పొందేవాళ్లు ఎనిమిదిమంది ఉంటే, మొదటివాడి ఫలకం మీద ఉన్నదంతా పొల్లుపోకుండా చదువుతాడు. రెండోవాడి దగ్గర్నుంచి పేరు మాత్రమే. పేరు తరవాత ఒక్కటే మాట: "తక్కినదంతా పై ప్రకారం." ఫలకాలన్నిటి మీదా ఉండేది ఒకే రాత. దాన్ని ఎనిమిదిసార్లు వినే ఓపిక ఎవరికీ లేదు. అందుకే బళ్లోనైనా, పటాలంలోనైనా, ఆఫీసులోనైనా ఈ దేశంలో ఇదే పద్ధతి. మొదటివాడికి భోజనం, మిగతావాళ్లకు దాని వాసన.

ఈ సన్మానాలంటే సంగ్‌దల్‌కు ఒళ్లుమంట. సన్మానం చేయించుకునేవాడే ఫలకానికి ఆర్డరిస్తాడు, పొగడ్త తనే ఎంచుకుంటాడు, తీరా అది చేతికందే వేళకు కలలో కూడా అనుకోలేదన్నట్టు నోరు తెరుస్తాడు. ఫలకాల దుకాణంవాడి దగ్గర పొగడ్తలకు అయిదు నమూనాలున్నాయి. ఖాళీలో పేరు పడితే చాలు, ఎంత పనిదొంగైనా త్యాగమూర్తి అయిపోతాడు. అంత మంట ఉన్నవాడివి మైకెందుకు పట్టుకుంటావని భార్య అడుగుతుంది.

"వెధవని వెధవని తెలిసి కూడా నవ్వకుండా పొగడాలంటే నాలాంటి గొంతే కావాలి" అంటాడు.

"ఆ గొంతుకి డబ్బుల కవరూ, మధ్యాహ్నం భోజనం కూడా కావాల్లే" అంటుంది ఆవిడ.

నిజానికి ఈ మంట నిన్న మొన్నటిది కాదు. సంగ్‌దల్ కొండ కింద మిరప పండించే ఇంట్లో పుట్టాడు. బడి అయిదు మైళ్లు. మోకాలి లోతు మంచులో నడిచాడు, గవదబిళ్లలతో మెడ వాచినా తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు. ఆరేళ్లలో ఒక్కరోజు మానలేదు. బడి వదిలే రోజున, ఒక్కరోజూ మానని పిల్లలకు ప్రశంసాపత్రాలిచ్చారు. ఇరవై ముగ్గురు తేలారు. పిలిచేది అక్షరక్రమంలో. ప్యో అనే ఇంటిపేరు మా అక్షరమాలలో చివరికి ఒక్క అక్షరం ముందుంటుంది. మొదట కాంగ్ ఇంటి పిల్లాడి పత్రం హెడ్‌మాస్టరు గొంతెత్తి చదివాడు. వాడి ఇల్లు బడి గోడ పక్కనే. సంగ్‌దల్ వంతు వచ్చేసరికి తక్కినదంతా పై ప్రకారం. మిరపచేలో పని మానుకుని వచ్చిన తండ్రి, మావాడి గురించి ఏం చెప్పారని పక్కవాణ్ణి అడగడం పిల్లాడు చూశాడు.

పటాలంలోనూ అంతే. తరవాత ముప్ఫై నాలుగేళ్లు వార్డు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన రోజున పదిహేడుగురిలో ఇతను పదహారోవాడు. ఆ ప్రశంసాపత్రాలన్నీ ఇప్పుడు బీరువా కింద ఒక నూడుల్స్ పెట్టెలో ఉన్నాయి. తన పేరు తరవాత ఒక పూర్తి వాక్యం ఎవరి నోటా అతను వినలేదు. వినలేదు కాబట్టి అలాంటివి వినాలనుకునేవాళ్లంతా మూర్ఖులని తేల్చేశాడు. అందని ద్రాక్ష పుల్లనే కదా.

ఇక బోంగ్ దూషిక్. ఎండుచేపల టోకు వ్యాపారి, వర్తక సంఘానికి మూడోసారి ప్రెసిడెంటు. బజారుకు కప్పు వేయించింది నగరం ఆఫీసువాళ్లు. కప్పు కింద రాతి మీద పేరు మాత్రం దూషిక్‌ది. ఆయన దుకాణంలో ఒక గోడంతా ఫలకాలే, రెండో గోడ ఖాళీగా ఉందని ఆయనకు బెంగ. ఈ ఏడు సంఘానికి నలభయ్యేళ్లు నిండుతున్నాయి. పండగలాగా చేస్తున్నారు, ఎనిమిదిమందికి సన్మానం, మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పాలా.

పండగ నెలరోజులుందనగా దూషిక్ సంగ్‌దల్‌ను పిలిపించాడు. గల్లాపెట్టె వెనక కూర్చుని ఎండుచేప చీలుస్తూ మొదలుపెట్టాడు.

"ప్యోగారూ, ఈసారి నాది ఇంగ్లీషులో చదవాలండి."

"ఎవరికోసమండీ?"

"మంగోలియా నుంచి ముగ్గురు వర్తకులొస్తున్నారుగా. బయటిదేశం వాళ్ల ముందు మన భాషలో చదివితే ఏం బావుంటది?"

"మిగతా ఏడుగురివీ?"

"వాళ్లకెందుకండీ ఇంగ్లీషు. వాళ్లకి మనదే ఎక్కువ."

మంగోలియావాళ్లకు ఇంగ్లీషు వచ్చో రాదో ఆయన అడగలేదు. అసలు సంగతి వేరు. ప్రెసిడెంటుకు ఫలకం ఇవ్వాల్సింది వైస్ ప్రెసిడెంటు, అంటే దూషిక్ సిగరెట్టు నోట్లో పెట్టుకోగానే అగ్గిపుల్ల గీసే మనిషి. మన భాషలో కిందివాడు పైవాడికి ఇస్తే అది సమర్పణ. పెద్దవాళ్లకు రెండు చేతులా మక్కల్లి కల్లు పోసినట్టుంటుంది. పైవాడు కిందివాడికి ఇస్తేనే ప్రదానం. దూషిక్ మేనమామ కొడుక్కి ఈమధ్య ఏదో కాలేజీ గౌరవ డాక్టరేటు పడేసింది. దాని మీద ఇంగ్లీషులో ఉన్న మాట ఆకాశం నుంచి రాలినట్టు ఉందని దూషిక్ కన్ను కుట్టింది. అగ్గిపుల్ల గీసే చేతిలోంచి వచ్చే ఫలకం సింహాసనం మీదనుంచి వచ్చినట్టు వినపడాలి. అదీ ఆయన దురద.

ఎండుచేపల దుకాణం ఎదురుగా, బియ్యం కొట్టు పైన మిన్ యొన్‌జు అనే అమ్మాయి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఫలకం మీది రాతను ఇంగ్లీషు చేసిపెట్టింది ఆ అమ్మాయే. పిల్లలు రాని పొద్దుటిపూట సంగ్‌దల్ మెట్లెక్కి వెళ్లి, మోకాళ్లు గడ్డానికి తగిలే చిన్న కుర్చీలో కూర్చుని, నోటుబుక్కు తెరిచాడు.

"ఇదండీ బాబాయిగారూ అసలు మాట. కన్ఫర్."

"అంటే ఇవ్వడమేగా?"

"మామూలు ఇవ్వడం కాదండీ. పైనున్నవాళ్లు కిందున్నవాళ్లకి గౌరవంగా ఇచ్చేది. విశ్వవిద్యాలయం పట్టా ఇస్తది, రాణి బిరుదిస్తది, అలాంటప్పుడు."

"మా ఆవిడ నాకు అన్నం పెడితే?"

"దానికి వాడరండీ."

"డాక్టరు మందిస్తే?"

"దానికీ వాడరు."

"అయితే మనిషికి పనికొచ్చేది ఏదిచ్చినా వాడరన్నమాట." సంగ్‌దల్ ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు.

యొన్‌జు నవ్వింది గాని పాఠం వదల్లేదు. ఆ మాట మధ్యలో మా నోళ్లకు అలవాటులేని శబ్దం ఒకటుంది. పైపళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలాలి. పళ్లు సొంతవైతే అది ఒక రోజు పని. సంగ్‌దల్ గాలి వదిలాడో లేదో పైసెట్టు జారి నోటుబుక్కు మీద పడింది. తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ వదిలాడు. మళ్లీ పడింది. మూడో రోజుకు నాలికతో అంగుడి దగ్గర అదిమిపట్టి పలకడం పట్టుబడింది.

ఇంట్లో కిమ్చి పచ్చడి కోసుకుంటూ భార్య ఈ వైభవమంతా చూసింది.

"నలభయ్యేళ్ల కాపురంలో మనిషికి ఇవ్వడం అంటే ఏంటో తెలీలా. ఇప్పుడు ఇంగ్లీషులో నేర్చుకుంటన్నాడు."

ఇంట్లో ఈ పోరు పడలేక సంగ్‌దల్ సాధన చోటు మార్చాడు. బజారు చివర మరుగుదొడ్ల ముందు పొడుగాటి వరండా ఉంది. గోడలకు పలకలు అతికించారు, అక్కడ ఏ మాటన్నా గుళ్లో గంటలా మోగుతుంది. పొద్దున్నే అక్కడ నిలబడి, గోడకేసి చూస్తూ, ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని ముప్ఫైసార్లు అప్పజెప్పేవాడు.

ఆ వరండా తాక్ జొమ్నేది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఇరవై ఏడేళ్లుగా ఆ మరుగుదొడ్లు కడుగుతోంది. సంగ్‌దల్ కంటే ఎనిమిదేళ్లు పెద్దది కాబట్టి అక్కా అంటాడు. ఆవిడ మాత్రం వార్డు ఆఫీసు రోజుల్లో లాగే గుమాస్తాగారూ అంటుంది. ఆ రోజుల్లో ఏ కాయితం నింపాల్సి వచ్చినా కౌంటరు దగ్గరికొచ్చి, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానండీ అనేది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ ముక్కు మీద కళ్లద్దాలు ఎవరూ చూడలేదు. ఆవిడకు అక్షరం రాదు. ఆ సంగతి సంగ్‌దల్‌కు మొదటి రోజే తెలిసింది. తెలిసినట్టు ఏనాడూ కనిపించనివ్వకుండా కాయితాలు నింపి పెట్టాడు. అతని ఉద్యోగంలో అదొక్కటే చెప్పుకోదగ్గ పని. దానికి ఎవరూ ఫలకం ఇవ్వలేదు.

ఒకరోజు జొమ్నే తడిబట్ట కర్రను గోడకానించి అడిగింది.

"రోజూ పొద్దున్నే గోడనేదో తిడతన్నారు. ఏంటండీ అది?"

"తిట్టు కాదక్కా. ప్రెసిడెంటుగారికి ఫలకం ప్రదానం చేస్తన్నాం అని ఇంగ్లీషులో."

"మన భాషలో అంటే ఆయనకి తెలీదా?"

"తెలుసు గనకే వద్దంటన్నాడు."

జొమ్నే కర్ర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నాకూ ఇస్తన్నారటగా" అంది.

నిజమే. ఫొటోలో ఒక కష్టపడే మనిషి ఉంటే బావుంటుందని నగరం ఆఫీసునుంచి ఎవరో సలహా ఇస్తే, జాబితా చివర ఎనిమిదో పేరుగా ఆవిణ్ణి తగిలించారు.

"నాది చదవండి గుమాస్తాగారూ. మొత్తం చదవండి."

"నీది ఎనిమిదో పేరక్కా. పద్ధతి తెలుసుగా."

"పద్ధతి తెలుసు. నా దగ్గరికొచ్చేసరికి ఆ పైన ఏవుందో ఎవరికి గుర్తుంటది?"

"పండగైపోయాక ఇక్కడే కూచుని నీకోసం నెమ్మదిగా చదివిపెడతాలే."

"మూల కూచుని చదివించుకోడానికి అదేమన్నా కోర్టు కాయితమా? మైకులో చదవాలి. నేను తుడిచిన తడి మీద చెప్పులతో తొక్కుకుంటా పోయేవోళ్లంతా వినాలి. ఒక్కసారి. తరవాత ఆ గాజుబిళ్లని గోడకి పెట్టుకుంటా. దాని మీద ఏవుందో నా చెవికి గుర్తుంటది."

సంగ్‌దల్‌కు కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఈ బజారులో బుర్ర ఉన్న మనిషి ఈవిడొక్కతే అనుకున్నాడు. ఈవిడకూ ఈ చీడ పట్టిందా. దుకాణంవాడి మూడో నమూనా పొగడ్త కోసం డెబ్బై నాలుగేళ్లప్పుడు ఆశపడటమేమిటి. "సరే చూద్దాం" అని గొణిగి వచ్చేశాడు. గుమాస్తా నోట చూద్దాం అంటే కుదరదనే అర్థం, ముప్ఫై నాలుగేళ్లు కౌంటరు అవతల నిలబడ్డవాళ్లందరికీ అది తెలుసు. జొమ్నేకు ఇంకా బాగా తెలుసు. తడిబట్ట పిండుకుంది.

మధ్యాహ్నం నూడుల్స్ పులుసు ముందు కూర్చున్నా కోపం దిగలేదు. కోపం జొమ్నే మీద కాదని రెండో గుటకకు తెలిసింది. పక్కవాణ్ణి అడుగుతున్న తండ్రి ముఖం కళ్లముందు ఆడుతోంది. మావాడి గురించి ఏం చెప్పారు. పక్కవాడు భుజాలెగరేశాడు. యాభై ఏళ్లు దాటినా ఆ భుజాలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

మూడో గుటకకు అతనిలోని గుమాస్తా లేచి కూర్చున్నాడు. పై ప్రకారం అనాలంటే పైన ఏదో ఒకటి ఉండాలి. ప్రెసిడెంటుది ఇంగ్లీషులో చదువుతారు. రెండోవాడి ఫలకం మన భాషలో ఉంటుంది. రెండూ ఒకే కాయితం కావు. కాబట్టి రెండోవాడిది మొదటి అక్షరం నుంచి చదవక తప్పదు. ఇది దయ కాదు, రూలు. బోంగ్ దూషిక్ అనే మహానుభావుడు ఇంగ్లీషు మోజులో పడి, మన భాషలో మొదటి స్థానాన్ని రోడ్డు మీద పారేసుకున్నాడు. ఎవరు ఏరుకుంటే వాళ్లది.

జాబితాలో రెండో పేరు దూషిక్ బావమరిదిది, పిండిమర వాడు. సంగ్‌దల్ పులుసు పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని, నేరుగా ఎండుచేపల దుకాణానికి వెళ్లాడు.

"ప్రెసిడెంటుగారూ, చిన్న మాట. మీ తరవాత మీ బావమరిదిగారిని పిలిస్తే, ఇంట్లోవాళ్లే పంచుకుంటన్నారని పేపరువాడు రాస్తాడేమోనండి."

"రాస్తాడంటారా?"

"రాయకపోతే వాడు పేపరువాడెలా అవుతాడు. అదే మీ పక్కన మరుగుదొడ్లు కడిగే ఆవిడ నిలబడిందనుకోండి. గర్వం లేని మనిషి, దొడ్లు కడిగే ముసలావిణ్ణి తన తరవాత నిలబెట్టుకున్నాడు అని రాస్తాడు. ఫొటో కూడా పెద్దదేస్తాడు."

దూషిక్ చేప చీల్చడం ఆపాడు. తన గర్వం లేని ముఖం పేపర్లో ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే కనిపించినట్టుంది. "నేనూ అదే అనుకుంటన్నానండి" అన్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది. వరస మార్చిన జాబితాను సంగ్‌దల్ అక్కడికక్కడే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. అది అతని పాత జబ్బు.

పండగ రోజు బజారు మధ్య వేదిక కట్టారు. ముందు వరసలో మంగోలియావాళ్లు ముగ్గురూ బియ్యప్పిండి బిళ్లలు తింటూ అందరికీ తల ఊపుతున్నారు. వెనక చేపలమ్మేవాళ్లు, కూరగాయలవాళ్లు, పని మధ్యలో లేచొచ్చినవాళ్లు. జొమ్నే జుట్టు కొత్తగా ఉంగరాలు తిప్పించుకుంది, ఎవరిదో నీలం కోటు తొడుక్కుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. సంగ్‌దల్ ఆవిడకు ఏమీ చెప్పలేదు. చెప్పి, అది కాస్తా తప్పిపోతే ఆవిడ ముఖం చూసే ధైర్యం అతనికి లేదు.

అనుకున్నంతా అయింది. ఇంకో పది నిమిషాల్లో మొదలనగా దూషిక్ వచ్చి చెవిలో చెప్పాడు.

"ప్యోగారూ, నాది ఇంగ్లీషులో అయ్యాక మన భాషలో కూడా ఒకసారి చదివెయ్యండి. మా అత్తగారూరి నుంచి బస్సేసుకొచ్చారు. వాళ్లకర్థం కావాలిగా."

సంగ్‌దల్ చేతిలోని జాబితా వైపు చూశాడు. ఆ ఒక్క చదువుతో పైన అనేది మళ్లీ దూషిక్‌ది అయిపోతుంది. జొమ్నే ఎనిమిదిలో ఉన్నా రెండులో ఉన్నా ఒకటే. కాదంటే రేపట్నుంచి మైకుండదు. ఆరేళ్ల మైకు, ఊళ్లో నలుగురూ గుర్తుపట్టే ఒకే ఒక్క సంగతి. మనిషి అసహ్యించుకునే వస్తువును కూడా ఎంత గట్టిగా పట్టుకుంటాడో అతనికి అప్పుడు తెలిసింది. తన మీద తనకే రోత పుట్టింది.

"చూద్దామండి" అన్నాడు.

దూషిక్ ఏనాడూ కౌంటరు అవతల నిలబడి ఎరగడు. ఆయన పనులకు మనుషులు వెళ్లేవాళ్లు. అందుకని ఆ మాటకు సరేనని అర్థం చేసుకుని, టై సర్దుకుంటూ వేదికెక్కాడు.

సంగ్‌దల్ చదివాడు. ఇంగ్లీషు ముక్కలన్నీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ ఆ మాట దగ్గరికొచ్చాడు. నాలికతో పైసెట్టు అదిమిపట్టి, పెదవి మీద పళ్లు ఆనించి, కన్ఫర్ అన్నాడు. పైన యొన్‌జు కిటికీలోంచి బొటనవేలు చూపించింది. కింద ఒక్క ముఖంలోనూ చలనం లేదు. చేపలమ్మే ఆవిడ పక్కావిణ్ణి ఏంటంట అని అడిగింది. అత్తగారూరి బస్సు జనం, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక, దూషిక్ పెళ్లాం వైపు చూశారు. వైస్ ప్రెసిడెంటు వంగి వంగి ఫలకం అందించాడు. దూషిక్ అందుకుని, ఛాతీకి ఆనించుకుని, ఇక మన భాష పొగడ్త కోసం చెవి రిక్కించి నిలబడ్డాడు.

మైకు పట్టుకున్నవాడికి ఒక్క అధికారం ఉంటుంది. చప్పట్లు ఎప్పుడో వాడే చెప్పాలి. చప్పట్లు పడగానే బాకా పాట వేస్తారు. పాట పడ్డాక మనిషి దిగాల్సిందే, మళ్లీ వెనక్కి తిప్పడం ఎవరివల్లా కాదు.

"ప్రెసిడెంటుగారికి అభినందనలు" అన్నాడు సంగ్‌దల్.

చప్పట్లు పడ్డాయి, పాట మోగింది, ఫొటో తీశారు. దూషిక్ మైకు దగ్గరికి వంగి "నాది?" అన్నాడు పళ్ల మధ్యనుంచి.

"రూలు ఒప్పుకోదండి" అన్నాడు సంగ్‌దల్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. చెయ్యి తీసి, "తరవాత శ్రీమతి తాక్ జొమ్నే. ఫలకం ప్రదానం చేసేవారు ప్రెసిడెంటు శ్రీ బోంగ్ దూషిక్" అన్నాడు.

మా పద్ధతిలో, చదివేటంతసేపూ ఇచ్చేవాడు ఫలకాన్ని రెండు చేతులా పట్టుకుని పుచ్చుకునేవాడి ఎదురుగా కదలకుండా నిలబడాలి. దూషిక్ తన ఇంగ్లీషు ఫలకాన్ని వైస్ ప్రెసిడెంటు చేతిలో పెట్టి, జొమ్నే ఫలకం పట్టుకుని నిలబడ్డాడు. జొమ్నే రెండు చేతులూ కోటుకు అంటించి పెట్టుకుని, తక్కినదంతా పై ప్రకారం అనే మాట కోసం తల వంచింది.

"పై వ్యక్తి" అని, పేరు కింద ఉన్న రాత మొదటి మాటతో మొదలుపెట్టాడు సంగ్‌దల్. జొమ్నే తల ఎత్తింది.

"పై వ్యక్తి, ఎన్నో ఏళ్లుగా చీకటితోనే లేచి, ఎండనక మంచనక, ఇతరులు ముఖం తిప్పుకునే పనులన్నిటినీ తన భుజాన వేసుకుని, ఒళ్లు దాచుకోకుండా, పేరు కోరకుండా, ఈ బజారు శుభ్రత కోసం, ఇక్కడికి వచ్చే ప్రతి ఒక్కరి సుఖం కోసం పాటుపడినందున..."

అది దుకాణంవాడి మూడో నమూనా. దూషిక్ తనకోసం ఏరికోరి ఎంచుకున్నది. తన జీవితంలో ఏనాడూ చీకటితో లేవని, చీపురు పట్టని మనిషి. సంగ్‌దల్ ఆ మాటల్ని ఆరేళ్లలో ఎంతమంది సోమరిపోతుల పేర్లకు అతికించాడో లెక్కలేదు, ఒక్కసారీ అవి అతుక్కోలేదు. ఇవాళ ఒక్కో మాటా వెళ్లి ఆ నీలంకోటు మనిషి మీద సరిగ్గా కూర్చుంటుంటే, చదివే గొంతుకే వింతగా ఉంది. బజారు మొత్తం చేతిలో పని ఆపి వింటోంది. ఫలకం పట్టుకున్న దూషిక్ కూడా వింటున్నాడు. తన పొగడ్త అది. తన ముఖం ముందే, తన చేతుల మీదుగానే, దొడ్లు కడిగే ముసలిదాని ఒడిలో పడుతోంది. కదలడానికి లేదు.

"...ఈ ఫలకం ప్రదానం చేయడమైనది."

చేపలమ్మే ఆవిడ, "ఇది మాత్రం నిజం" అంది, పక్కావిడతో చెప్పినట్టే. అప్పుడు పడ్డాయి చప్పట్లు. చేతులకు పొలుసులున్నవాళ్లు, పిండి ఉన్నవాళ్లు, అందరూ కొట్టారు. మంగోలియావాళ్లలో ఒకాయన లేచి నిలబడి కొట్టాడు.

సంగ్‌దల్ చప్పట్లు ఆగేదాకా ఆగి, తరవాతి పేరు పిలిచాడు. పిండిమర బావమరిది వచ్చి ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"తక్కినదంతా పై ప్రకారం."

బజారు గొల్లుమంది. ముఖం తిప్పుకునే పనులు వీడు చేశాట్ట అని వెనకనుంచి ఎవరో అన్నారు. మిగిలిన అయిదుగురికీ అదే మాట, ప్రతిసారీ అదే నవ్వు. జొమ్నే ప్రకారం అనిపించుకోవడానికి పెద్దమనుషులు ఒకరి తరవాత ఒకరు తలలు వంచారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర దూషిక్‌కు ఇంకొక ముద్ద మింగుడు పడలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మంగోలియా వర్తకుడు తొమ్మిదేళ్లు మా దేశంలోనే కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లినవాడు. చక్కటి మన భాషలో అడిగాడు.

"ఆ పెద్దావిడది విన్నామండీ, కళ్లు చెమ్మగిల్లాయి. మీది ఇంగ్లీషులో చదివారు, మాకెవరికీ ఇంగ్లీషు రాదు. ఇంతకీ మీరు ఏం చేశారండీ?"

దూషిక్ లేచి వచ్చి సంగ్‌దల్ పళ్లెం ముందు నిలబడ్డాడు. "వచ్చే ఏడు టీవీలో చదివే అమ్మాయిని పిలుస్తన్నాం. మీకు శ్రమ ఉండదు."

"మంచిదండి. ఆ అమ్మాయి పళ్లు సొంతవై ఉంటాయి" అన్నాడు సంగ్‌దల్. కవరు ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. మైకు పోయినందుకు బాధ కలగలేదని అంటే అబద్ధం. భోజనం మాత్రం పూర్తిగా చేశాడు.

ఇంటికి వెళ్తూ వరండా వైపు నడిచాడు. జొమ్నే నీలంకోటు విప్పి మేకుకు తగిలించింది. ఉంగరాల జుట్టు మీద రోజూ కట్టుకునే గుడ్డ కట్టుకుని నేల కడుగుతోంది. పండగ జనానికి మరుగుదొడ్లు మామూలు కంటే పాడయ్యాయి. ఫలకం సబ్బుల అరలో నిలబెట్టి ఉంది. అతన్ని చూసి పని ఆపింది.

"అందులో ఉన్నదే చదివారా గుమాస్తాగారూ, నాకోసం కలిపి చదివారా?"

"అక్షరం మార్చలేదక్కా."

"పేరు కోరకుండా అని కూడా ఉందా?"

"ఉంది."

"అదొక్కటి తప్పు" అంది జొమ్నే. "కోరాగా." మళ్లీ కర్ర అందుకుంటూ అడిగింది. "ప్రెసిడెంటుది ఏంటి మరి?"

"ఆయనదీ ఇదే. ఇంగ్లీషులో."

"పాపం. ఆయన చెవిన పడనే లేదన్నమాట."

అప్పుడే బోంగ్ దూషిక్ వరండాలోకి వచ్చాడు. చంకలో ఇంగ్లీషు ఫలకం, భోజనంలో తాగిన మక్కల్లి తొందర పెడుతుంటే పెద్ద పెద్ద అంగలు. ఇన్నేళ్లలో ఆ తడి నేల మీద ఆయన చూసుకుని అడుగు వేసింది లేదు.

"తడిగా ఉంది" అంది జొమ్నే, కర్ర అడ్డం పెట్టి. "ఆరేదాకా ఆగండి."

దూషిక్ సంగ్‌దల్ వైపు చూశాడు. సంగ్‌దల్ గోడ వైపు చూశాడు. జొమ్నే ఎవరి వైపూ చూడకుండా, ఆ మూల నుంచి ఈ మూలకు, రోజూ తుడిచినట్టే తుడవసాగింది. ప్రెసిడెంటుగారు ఫలకాన్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, నేల ఆరేదాకా నిలబడ్డాడు.